మాజీ సైనికుని పింఛను అప్పీలు – మరల వైద్యపరీక్ష

పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము తరతరములుగా సైన్యమునకు తన బిడ్డలను పంపిన గ్రామము. సైన్యములో పనిచేసి వచ్చినవారు మన ఇతర గ్రామములలోను కలరు. అట్టివారిలో ఒకరు అంగవైకల్య పింఛనుకై అప్పీలు చేసికొనెననుకొందము. కొంతకాలమునకు ఆంగ్లములో ఒక ఉత్తరువు వచ్చును: “మరల మెడికల్ బోర్డు ఎదుట హాజరు కావలెను.” ఇక పింఛను రాదని తలచి ఆయన ఆ కాగితమును పెట్టెలో పడవేయును. పంచాయతీ సభ్యుడు తోడ్పడవలసినది ఇచ్చటనే. ఆ ఉత్తరువు తిరస్కారము కాదు. విచారణ ఇంకను ముగియలేదనియే దాని అర్థము.

బోర్డు ఏమి చూచును?

బోర్డు ముఖ్యముగా రెండు విషయములు తేల్చును. గాయము లేక రోగము సైనికసేవ వలన కలిగినదా, లేక ఆ సేవ వలన ముదిరినదా? వైకల్యము నూటికి ఎంత? సాధారణముగా అది నూటికి 20 వంతులకు తగ్గరాదు. బోర్డు తన అభిప్రాయమునకు తగిన కారణములు వ్రాయనిచో, కొన్ని కేసులు తిరిగి పరీక్షకు పంపబడును.

2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్య సూత్రమును స్పష్టము చేసినది. సైన్యమున చేరునాటి పత్రములలో రోగము నమోదు కాక, తరువాత వైద్యకారణముపై సైనికుని విడుదల చేసినచో, ఆ రోగము సేవ వలననే కలిగినదని భావింపవలెను. కాదనువారే కారణము చూపవలెను. అయితే 2023 సెప్టెంబరు 21 నుండి కొత్త నియమములు వచ్చినవి. కావున విడుదలైన తేదీని ముందుగా చూడవలెను.

చేయవలసిన పనులు

1. పరీక్ష తేదీని తప్పరాదు. వెళ్లలేనిచో ఆ తేదీకి ముందే కారణము వ్రాసి పంపి, రసీదు దాచవలెను.

2. డిశ్చార్జి పుస్తకము, పాత బోర్డు నివేదిక, గాయపు నివేదిక, చికిత్స కాగితములు తీసికొనిపోవలెను. నకళ్లు ఇంట ఉంచవలెను.

3. బాధ ఎప్పుడు, ఏ విధిలో ఉండగా మొదలైనదో ఉన్నదున్నట్లు చెప్పవలెను. పెంచి చెప్పరాదు, పౌరుషమునకు పోయి దాచనూరాదు.

4. కొత్త నివేదిక నకలు కోరి, అందు కారణములు వ్రాసిరో లేదో చూడవలెను.

మరల కాదన్నచో

శాఖాపరమైన అప్పీళ్ల పిమ్మట, 2007 చట్టము ననుసరించి ఏర్పడిన సాయుధ దళముల ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. మన ప్రాంతపు కేసులను చెన్నై బెంచి విచారించును. తుది ఉత్తరువు వచ్చిన ఆరు నెలలలోగా దరఖాస్తు చేయవలెను. తగిన కారణమున్నచో ఆలస్యమును ట్రిబ్యునలు మన్నింపవచ్చును. దారి తెలియనివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపవచ్చును.

సభ్యులారా! మీ వార్డులోని మాజీ సైనికుల ఇండ్లకు ఒకసారి పోయి, పెట్టెలలో ఇట్టి కాగితములున్నవేమో అడుగుడు. ఉన్నచో చదివి చెప్పి, తేదీని గోడ క్యాలెండరుపై గుర్తుపెట్టి రండు.