ముప్పై అయిదేళ్లకు డిగ్రీ కడుతున్నారా?

డిగ్రీ ఎక్కడ చేశారని అడిగితే రెగ్యులర్‌గా చదివినవాళ్లు కాలేజీ పేరు చెబుతారు. దూరవిద్యలో చదివినవాళ్లలో చాలామంది గొంతు తగ్గించి, "ఓపెన్‌లో కట్టానండి" అంటారు. ముందుగా ఆ తగ్గే గొంతు గురించి మాట్లాడుకోవాలి. ఎప్పుడో ఆగిపోయిన చదువును ముప్పై అయిదేళ్లకో, నలభై రెండేళ్లకో మళ్లీ అందుకోవాలనుకునేవారిని ఫీజు కంటే ఎక్కువగా వెనక్కి లాగేది, ఇది అసలు చదువు కాదేమోనన్న అనుమానమే.

ఆ అనుమానానికి ఆధారం లేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది తెలుగు నేల మీదే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. దానికి తొలి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మనం ఇగ్నో అని పిలిచేది, పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టడానికి ఆయననే పిలిచారు. తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఛైర్మన్ కూడా అయ్యారు. ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఇక పాఠాల నాణ్యత సంగతా? రెగ్యులర్‌గా పీజీ చేసి గ్రూప్స్‌కు కూర్చున్న కుర్రాళ్లను అడగండి. చరిత్రకూ, పాలిటీకీ తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన వాళ్లు వెతికి పెట్టుకునేవి అంబేద్కర్ వర్సిటీ పుస్తకాలే. గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీ, పీజీ రెగ్యులర్ వాటితో సమానమని యూజీసీ 2022లో మరోసారి తేల్చి చెప్పింది. కాబట్టి గొంతు తగ్గించాల్సిన పని లేదు.

సరే, చేరదామనుకున్నారు. దేనికోసమో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. పదోన్నతికి డిగ్రీ అడుగుతున్నారా? టీచరు కావాలనా? పిల్లలు పై తరగతులకు వెళ్తుంటే వాళ్లతో సమంగా మాట్లాడాలనా? పదో తరగతి దగ్గర ఆగిపోయిన లోటు మనసులో ముల్లులా గుచ్చుతోందా? ఏ కారణమైనా మంచిదే. చివరిది అన్నిటికంటే చిన్నదని మాత్రం అనుకోకండి. ఎవరి కోసమూ కాకుండా తన కోసమే చదివే మనిషి పట్టుదల గట్టిది. కాకపోతే కారణాన్ని బట్టి కోర్సు మారుతుంది. పదోన్నతి కోసమైతే మీ శాఖ నియమావళిలో ఏ డిగ్రీ అడిగారో చూసుకున్నాకే ఫీజు కట్టండి. బీఏ అడిగినచోట ఏదో ఒక డిప్లొమా చేసి లాభం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం లాంటి డిగ్రీలను దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. 2017లో సుప్రీంకోర్టు కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలను తప్పుపట్టినప్పుడు, ఏనాడో చదివి ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ల పట్టాలు కూడా చిక్కులో పడ్డాయి. "మీరు పరీక్షకు రానక్కర్లేదు, సర్టిఫికెట్ ఇంటికొస్తుంది" అనే ఏజెంటు ఎదురైతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్లో ఏ విశ్వవిద్యాలయానికి ఏ కోర్సుకు అనుమతి ఉందో ఏటా జాబితా పెడతారు. విశ్వవిద్యాలయం పేరుంటే సరిపోదు, మీ కోర్సు పేరు కూడా అందులో ఉండాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయమైతే దాని దూరవిద్య పరిధి ఆ రాష్ట్రం దాటకూడదన్న నిబంధన ఉంది. ఎక్కడో ఉత్తరాది వర్సిటీ పేరు చెప్పి మన వీధిలో బోర్డు పెట్టినవాళ్ల విషయంలో ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలైన లెక్కకు వద్దాం. ఇగ్నో పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పాఠం చదవడం, వినడం, అసైన్‌మెంట్ రాయడం అన్నీ అందులోనే. ఆరు క్రెడిట్ల పేపరుకు 180 గంటలు. అంటే రోజుకు గంట దొరికే మనిషికి ఒక్క పేపరుకు ఆరు నెలలు. సెమిస్టర్‌కు అలాంటివి మూడుంటే రోజుకు మూడు గంటలు కావాలి. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్కు, పెద్దవాళ్ల మందులు అన్నీ చూసుకుంటూ రోజూ మూడు గంటలు తీయగలిగేవాళ్లు ఎంతమంది? దూరవిద్యలో చేరి మధ్యలో వదిలేసినవాళ్లు తమకు బుర్ర లేదనుకుంటారు. బుర్ర ఉంది, గంటలే లేవు. చేరేముందు ఆ లెక్క వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నా సలహా ఇది: మెల్లగా చదవండి. ఇగ్నోలో మూడేళ్ల బీఏను ఆరేళ్లలో పూర్తిచేయొచ్చు. జాతీయ ఓపెన్ స్కూల్లో పదో తరగతికో ఇంటర్‌కో ఒకసారి చేరితే, అయిదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసే వీలుంది. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. ఈ గడువు మీలాంటివారి కోసమే పెట్టింది. దాన్ని పూర్తిగా వాడుకోవడం మీ హక్కు. ఈసారి రెండు పేపర్లే రాస్తాను, మిగతావి తర్వాత అని మొదటే తేల్చుకున్నవారు చివరిదాకా వస్తారు. అన్నీ ఒకేసారి అని ఉరికినవారు రెండో సెమిస్టర్ నాటికే అలసిపోతారు.

క్యాలెండర్ కూడా ముందే చూసుకోండి. ఇగ్నో పరీక్షలు జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ జరుగుతాయి. జూన్ అంటే పిల్లల బడులు తెరిచే నెల, యూనిఫాంలు, ఫీజులు. వ్యవసాయ కుటుంబంలో అయితే ఏరువాక. డిసెంబర్‌లో వరి కోతలు, నూర్పిళ్లు. అప్పుడు చదువుకుందాంలే అంటే జరగదు. పుస్తకం మీ చేతికి అందిన నెలలోనే మొదలుపెట్టాలి. తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు దాకా చదివేవాళ్లున్నారు. పిల్లలు పడుకున్నాక చదివేవాళ్లున్నారు. ఏదైనా ఒకటి ఎంచుకుని, ఆ గంటలో ఫోను వేరే గదిలో పెట్టండి. ఇగ్నో పాఠాలు ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటాయి కాబట్టి పుస్తకాలు రాలేదని ఆగనక్కర్లేదు. ఆ ఫోనులోనే చదవాల్సి వస్తే కనీసం వాట్సాప్ ఆపేయండి.

ఇంట్లోవాళ్లతో మాట్లాడే పద్ధతి గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ముఖ్యంగా ఆడవాళ్లకు. "నేను చదువుకుంటాను" అంటే ఇంట్లో ఎవరూ కాదనరు, సంతోషిస్తారు కూడా. చిక్కు ఆదివారం మొదలవుతుంది. కాంటాక్ట్ క్లాసులు ఎక్కువగా ఆదివారాలే ఉంటాయి, చుట్టాలొచ్చేదీ, మాంసం కూర వండేదీ ఆ రోజే. అందుకే "చదువుకుంటాను" అని ఊరుకోకుండా, "ఫలానా ఆదివారాలు పది నుంచి ఒంటిగంట దాకా నేను స్టడీ సెంటర్‌లో ఉంటాను, ఆ పూట అన్నం మీరు పెట్టుకోవాలి" అని తేదీలతో చెప్పండి. ఆ తేదీలు వంటింటి క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి పెట్టండి. భర్తలకు ఒక మాట: మీ ఆవిడ డిగ్రీ కడితే ఫీజు ఇవ్వడంతో మీ వంతు తీరదు. ఆ ఆదివారం వంట మీది.

ఆగిన చదువును అందుకున్న తెలుగు మహిళ అనగానే నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొస్తారు. రాజమహేంద్రవరంలో 1909లో పుట్టారు. బడిలో ఇంగ్లీషు మాధ్యమం రుద్దుతున్నారని చిన్నతనంలోనే నిరసనగా బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహంలోకి దూకి జైళ్లకు వెళ్లారు. బయటికి వచ్చాక మళ్లీ పుస్తకాలు పట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రాజనీతిశాస్త్రంలో పట్టా తెచ్చుకున్నారు. 1942లో మద్రాసు నుంచి న్యాయశాస్త్ర పట్టా పొంది, కొద్దికాలానికే రాజ్యాంగ సభలో కూర్చున్నారు. నాకు వీటన్నిటికంటే గొప్పగా తోచేది వేరొకటి ఉంది. తాను దాటిన దారినే ఆమె మిగతావారికీ చూపించారు. ఆంధ్ర మహిళా సభలో యువతులను అదే బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయించారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలిగా ఉన్నకాలంలో, చదువు ఆగిపోయిన వయోజన స్త్రీల కోసం 1958లో సంక్షిప్త కోర్సుల పథకం తెచ్చారు. ఇవాళ ఓపెన్ టెన్త్ కడుతున్న ప్రతి అక్కకూ, వదినకూ ఆమె పెద్ద తోడబుట్టువు.

"ఈ వయసులో గుర్తుంటుందా?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఇరవై ఏళ్లప్పటిలా బట్టీ పట్టలేకపోవచ్చు. పట్టనక్కర్లేదు కూడా. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికంటే, చదివి పుస్తకం మూసి గుర్తున్నంత రాసుకున్నవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. చదివిన వెంటనే పరీక్షిస్తే మాత్రం మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. అంటే నాలుగుసార్లు చదివి "వచ్చేసింది" అనుకోవడం చాలాసార్లు భ్రమ. ఒక యూనిట్ చదవండి, పుస్తకం మూయండి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి, తప్పినవి చూసుకోండి. మూడు రోజులాగి మళ్లీ రాయండి. మీ అమ్మాయినో అబ్బాయినో కూర్చోబెట్టుకుని ఆ పాఠం చెప్పినా ఇదే పని జరుగుతుంది. పైగా పెద్దవాళ్లకు పిల్లలకు లేని సౌకర్యం ఒకటుంది. పంచాయతీరాజ్ పాఠం వస్తే మీరు గ్రామసభ చూసినవారు. బ్యాంకింగ్ పాఠం వస్తే పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కట్టినవారు. ఆ అనుభవానికి పాఠాన్ని ముడివేయండి.

దీంతోపాటు చెయ్యి కూడా తయారుకావాలి. మూడు గంటలు ఆపకుండా రాసి ఎన్నేళ్లయిందో! పరీక్ష హాల్లో గంటన్నరకే వేళ్లు పట్టేసి, తెలిసిన జవాబులు వదిలేసి వచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే అసైన్‌మెంట్లను బద్ధకించకుండా మీ చేత్తో మీరే రాయండి. ఇగ్నోలో చాలా కోర్సులకు 30 శాతం మార్కులు వాటికే. జిరాక్స్ షాపులో దొరికే తయారు అసైన్‌మెంట్లు కొంటే ఆ మార్కులు వస్తాయేమో గానీ, మిగతా 70 శాతం రాయాల్సిన చెయ్యి తయారుకాదు.

సర్టిఫికెట్ల పని చేరేముందే ముగించండి. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే యూజీసీ దూరవిద్యా బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ తీసుకోవాలి. దానికి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ, దానికి ఆధార్. టెన్త్ మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉన్న ఆడవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఆఖరి తేదీ నాడు మీ సేవా కేంద్రం ముందు నిలబడటం కంటే, రెండు నెలల ముందే పేర్లు, పుట్టినతేదీలు ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోండి.

పేపరు పోతుంది. ఒకటి కాకపోతే ఒకటి, దాదాపు అందరికీ పోతుంది. నెల్సన్ మండేలాకూ తప్పలేదు. ఆయన 1943లో బీఏ పూర్తిచేసింది దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సుతోనే. జొహన్నెస్‌బర్గ్‌లో ఎల్‌ఎల్‌బీలో చేరి, పరీక్షలు తప్పి, పట్టా లేకుండానే బయటికి వచ్చారు. ఆ ఎల్‌ఎల్‌బీని దూరవిద్యలోనే, జైలులో ఉండి, 1989లో డెబ్బై ఏళ్ల వయసులో పూర్తిచేశారు. ఫలితాలు వచ్చాక రెండు రోజులు బాధపడండి. మూడో రోజు ఎన్ని మార్కుల్లో పోయిందో చూడండి. అసైన్‌మెంట్‌లో పోయిందా, పరీక్షలో పోయిందా తేల్చుకోండి, రెండింటికీ చేయాల్సింది వేరు. తర్వాతి పరీక్ష ఫీజుకు గడువు ఎప్పుడో తెలుసుకుని అదే క్యాలెండర్ మీద చుట్టి పెట్టండి. ఆ పుస్తకాన్ని మాత్రం అటక మీదికి ఎక్కించకండి.