జాబ్ కార్డులో ఎక్కని పెట్రోలు వాసన

కారు కొని ఏడాదో రెండేళ్లో గడవకముందే వెనుక సీటు దగ్గర పెట్రోలు వాసన రావడం, ట్యాంకు నింపించిన వెంటనే ఇంజిన్ మొరాయించడం, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతుండడం, సర్వీస్ సెంటరు వారు ఒక్కో భాగమే మారుస్తూ బిల్లు మీద బిల్లు వేయడం అనే వరుసలో సాగే వివాదాలు వినియోగదారుల న్యాయవాదుల వద్దకు ఇటీవల తరచుగా వస్తున్నాయి. వీటిలో చాలావాటికి చట్టం అండగానే ఉన్నా, బండి అప్పగించిన మొదటి రోజున లోపాన్ని సర్వీస్ సెంటరు రాసే జాబ్ కార్డులో రాయించుకోకపోవడం వల్ల యజమాని చేతిలో ఆధారమంటూ మిగలడం లేదు.

ట్యాంకులోని పెట్రోలు, బండి కదలకుండా ఎండలో ఉన్నప్పుడు కూడా ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి బయటికి పోకుండా సన్నని గొట్టాల గుండా కానిస్టర్‌లోకి, అంటే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు నింపిన డబ్బాలోకి చేరుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ అనే విద్యుత్ కవాటం తెరుచుకోగా, ఆ ఆవిరి ఇంజిన్‌లోకి వెళ్లి మండిపోతుంది. ట్యాంకు మూతలోని రబ్బరు వాషరు ఎండిపోయినా, గొట్టం పగిలినా, కానిస్టర్ చెడినా ఆవిరి బయటపడుతుంది. పర్జ్ వాల్వ్ మూసుకోకుండా ఉండిపోతే, ట్యాంకు నింపిన తర్వాత ఇంజిన్ సులభంగా స్టార్టు కాదు. నాజిల్ దానంతట అది ఆగిన తర్వాత కూడా రౌండు ఫిగరు కోసం ఇంకాస్త పోయించుకునే అలవాటు వల్ల ద్రవ రూపంలోని పెట్రోలే కానిస్టర్‌లోకి చేరి బొగ్గును పాడుచేయవచ్చు. వారంటీ నిరాకరించడానికి సర్వీస్ సెంటర్లకు ఈ అలవాటు సిద్ధంగా దొరికే సాకు కాబట్టి యజమానులు దీన్ని వెంటనే మానుకోవాలి.

సరైన మెకానిక్ ముందుగా మూతను, తర్వాత బయటికి కనిపించే గొట్టాలను చూసి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, మూసి ఉండాల్సిన సమయంలోనూ పర్జ్ వాల్వ్ గాలిని లాగుతోందా అని పరీక్షించి, అప్పటికీ తేలకపోతే స్మోక్ మెషిన్‌తో అతి తక్కువ ఒత్తిడిలో పొగను గొట్టాల్లోకి పంపి అది ఎక్కడినుంచి పైకి వస్తోందో గమనిస్తాడు. గొట్టంలోని సన్నని పగులును మన దేశంలో అమ్ముడయ్యే అన్ని కార్ల కంప్యూటర్లూ పసిగట్టలేవు కనుక, స్కానర్‌లో లోపాన్ని సూచించే కోడ్ రాలేదన్న ఒక్క కారణంతో లీకు లేదని తేల్చడం తప్పు. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపించి బండిలో లోపం లేదని వాదించడం కూడా అంతే తప్పు. ఆ పరీక్ష కొలిచేది సైలెన్సరు నుంచి వచ్చే వాయువులనే గాని ట్యాంకు వద్ద లీకయ్యే ఆవిరిని కాదు. అయినా రవాణా శాఖ కార్యాలయంలో ఎవరైనా ఈ సమస్య చెప్పుకుంటే సర్టిఫికెట్ ఉంది కదా అని పంపేయడం, నిప్పు ప్రమాదానికి దారితీయగల లోపం పట్ల చూపకూడని నిర్లక్ష్యం.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం నాణ్యత లేని పనితో పాటు, తెలియజేయవలసిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయల లోపుంటే ఫిర్యాదుదారు తన నివాస ప్రాంతపు జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చు; ఆ ప్రతిఫలం 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదు రుసుము లేదు. అయితే సెక్షన్ 38 ప్రకారం విచారణ ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాల ఆధారంగానే జరుగుతుంది కాబట్టి జాబ్ కార్డులో లేని వాసనను కమిషన్ ముందు నిరూపించడం కష్టం.

తాజాగా ఒక న్యాయవాది చేపట్టిన కేసులో ఇదే జరిగింది. కోస్తా జిల్లాకు చెందిన ఉపాధ్యాయురాలు ఒకరు పెట్రోలు వాసన వస్తోందని నోటిమాటగా చెప్పగా, సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డులో ‘జనరల్ చెకప్’ అని రాశాడు. ఆమె చదవకుండానే సంతకం చేశారు. మొదట మూత, తర్వాత పర్జ్ వాల్వ్, ఆపై కానిస్టర్ మార్చారు. ప్రతిసారీ బండి తీసుకునేటప్పుడు ‘పని సంతృప్తికరం’ అన్న గడి కింద ఆమె మళ్లీ సంతకం పెట్టారు. చివరికి బయటి మెకానిక్ ఒకరు పొగ పరీక్ష చేసి, ట్యాంకు మెడ వద్ద గొట్టం పగిలిందని చూపి, కొత్త గొట్టం వేసి పాతదాన్ని పారేశారు. దానితో సెక్షన్ 38(2)(సి) కింద ప్రయోగశాలకు పంపడానికి ఉండవలసిన వస్తువే లేకుండా పోయింది. వాసన గురించి తమకు ఎవరూ చెప్పలేదని సర్వీస్ సెంటరు ఇప్పుడు జవాబు దాఖలు చేసింది.

ఎంత చదువుకున్నవారైనా జాబ్ కార్డు దగ్గరకు వచ్చేసరికి చూపే ఈ తొందర న్యాయవాదులకు విసుగు తెప్పిస్తోంది. లోపం ఏమిటో, ఎప్పుడు వస్తోందో యజమాని తన మాటల్లోనే రాయించాలి. అడ్వైజర్ రాయనంటే అక్కడే నిలబడి అదే విషయాన్ని ఈమెయిల్ చేయాలి. కోడ్ చెరిపేయకముందే స్కానర్ తెరను ఫోటో తీయాలి, మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోవాలి, వాసన పోకుండా సంతృప్తి గడిలో సంతకం చేయకూడదు. పగిలిన గొట్టాన్ని బయట మార్పిస్తే, దాన్ని పారేయకుండా సీలు వేసి భద్రపరచాలి.

ఉపాధ్యాయురాలి కేసులో మిగిలిన ఆధారాలు మూడే: ఒకే వ్యవస్థలోని భాగాలను వరుసగా మార్చినట్లు చూపే బిల్లులు, బయటి మెకానిక్ అఫిడవిట్, అడ్వైజర్‌కు ఆమె పంపిన వాట్సాప్ సందేశాలు. భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేసి ఆ సందేశాలను దాఖలు చేస్తున్నారు. వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 69 విధించిన రెండేళ్ల గడువును సర్వీస్ సెంటరు చుట్టూ తిరుగుతూ ఆమె దాదాపు పూర్తి చేసుకున్నందున, ఫిర్యాదు గడువు ముగిసే ముందు హడావిడిగా వేయవలసి వచ్చింది.