ఇన్‌ఫ్యూజన్ పంపుకు ఏ భాష?

ప్రశ్న: మేం రోగి ఒంట్లోకి మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు తయారు చేస్తున్నాం. సాఫ్ట్‌వేర్ సి లో రాద్దామని కొందరు, రస్ట్‌లో రాద్దామని కొందరు పట్టుబడుతున్నారు. ఏది మేలంటారు?
– ఒక ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: ముందు థెరాక్-25 సంగతి చూడండి. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఈ రేడియేషన్ యంత్రం ఆరుగురికి ఇవ్వాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు ఇచ్చేసింది. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ప్రోగ్రామ్ అసెంబ్లీలో రాసింది. అందులో ఒక బైటు వేరియబుల్ ఉండేది. సున్నా అయితే తనిఖీ అక్కర్లేదని, కాకపోతే చెయ్యాలని దానర్థం. నేరుగా 1 అని రాస్తే సరిపోయేది. రాయకుండా ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోయారు. బైటులో పట్టేది 255 దాకానే. 256వ సారికి మళ్ళీ సున్నా! సరిగ్గా ఆ క్షణాన ఆపరేటర్ బటన్ నొక్కితే తనిఖీ లేకుండానే కిరణం వెలువడేది.

రస్ట్ డీబగ్ బిల్డ్‌లో ఇలాంటి కూడిక దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది. రిలీజ్ బిల్డ్‌లో మాత్రం ఓవర్‌ఫ్లో చెక్ మీరే ఆన్ చెయ్యాలి, లేదంటే అదీ సున్నాకే తిరుగుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు వర్తించే ఐఇసి 62304 ప్రమాణం ఫలానా భాషే వాడాలనదు. మీవాళ్ళకు సి లో చెయ్యి తిరిగి ఉంటే సురక్షితంగా కోడ్ రాయడానికి పెట్టిన మిస్రా నియమాలు, స్టాటిక్ ఎనలైజర్ తప్పనిసరి చేసి అందులోనే రాయండి. కొత్తగా మొదలెడుతూ, మీ చిప్‌కు నమ్మదగిన కంపైలర్ దొరికితే నా ఓటు రస్ట్‌కే.

ఇంకొకటి. అంతకుముందు మోడలైన థెరాక్-20లో ఉన్న హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లను థెరాక్-25లో తీసేశారు. సాఫ్ట్‌వేర్‌తో పనిలేకుండా మోటారును ఆపే సర్క్యూట్ మీ పంపులో ఉందా? లేకపోతే భాష గొడవ పక్కనపెట్టి ముందు అది పెట్టించండి.