మంత్ర పత్రాలలో మత సమ్మేళనం – ప్రాచీన ఈజిప్టు సాక్ష్యం

ఒక మతాన్ని గూర్చి తెలిసికొనదలచినవారు సాధారణంగా దాని ధర్మగ్రంథాలను, ఆరాధనా స్థలాలను, పండితుల వ్యాఖ్యలను పరిశీలిస్తారు. అది ఉచితమే. కాని జ్వరంతో మూలుగుతున్న బిడ్డ ప్రక్కన కూర్చున్న మనిషి ఆ రాత్రి ఎవరి పేరు పిలిచాడో ఆ గ్రంథాలు చెప్పవు. అట్టి సంగతులను తెలిపే అరుదైన సాక్ష్యం ఈజిప్టు ఇసుక నేలలో లభించింది. చరిత్రకారులు దానిని ‘గ్రీకు మంత్ర పత్రాలు’ అని వ్యవహరిస్తారు.

క్రీ.పూ. 332లో అలెగ్జాండరు ఈజిప్టును స్వాధీనం చేసికొన్నాడు. అతని సేనాని టాలెమీ స్థాపించిన రాజవంశం క్రీ.పూ. 30 వరకు పాలించింది. పిదప ఆ దేశం రోము సామ్రాజ్యంలో చేరింది. రాజ్యపాలన గ్రీకు భాషలో సాగుతుండగా గ్రామాలలోని జనం ఈజిప్టు భాషనే మాట్లాడుకొన్నారు. అలెగ్జాండ్రియా నగరంలో యూదులు పెద్ద సంఖ్యలో నివసించారు. కాలక్రమాన క్రైస్తవం కూడ అక్కడ వ్యాపించింది. ఓసిరిస్, ఏపిస్ అను ఈజిప్టు దేవతల నుండి రూపొందిన సెరాపిస్‌కు గ్రీకు శిల్పరూపం కల్పించి టాలెమీ వంశీయులు పూజలు జరిపించారు. అది రాజుల అవసరానికి తోడ్పడిన సమ్మేళనం. మంత్ర పత్రాలలో కనిపించేది మనుషుల అవసరాల నుండి పుట్టిన సమ్మేళనం.

ఈ పత్రాలు నైలు తీరాన పెరిగే తుంగజాతి మొక్క కాడలతో చేసిన పాపిరస్ కాగితంపై వ్రాసినవి. క్రీ.పూ. 2వ శతాబ్ది నుండి క్రీ.శ. 5వ శతాబ్ది వరకు గల కాలానికి చెందినవి. 19వ శతాబ్ది తొలి భాగంలో అలెగ్జాండ్రియాలో దౌత్యోద్యోగిగా, వ్యాపారిగా ఉన్న అనస్తాసీ వీనిలో అనేకం సేకరించి ఐరోపాకు విక్రయించాడు. వానిని జర్మను పండితుడు కార్ల్ ప్రైజెండాంజ్ 1928లోను, 1931లోను రెండు సంపుటాలుగా ప్రకటించాడు. హాన్స్ డీటర్ బెట్జ్ సంపాదకత్వాన ఆంగ్లానువాదం 1986లో వెలువడింది. పారిస్ గ్రంథాలయంలోని పత్రసంపుటి అన్నిటిలో ప్రసిద్ధం. 36 పత్రాలలో 3,274 పంక్తులు గల ఆ గ్రంథం క్రీ.శ. 4వ శతాబ్ది నాటిది.

ఈ పత్రాలలో జ్వరానికి, తేలుకాటుకు మంత్రాలున్నవి. దొంగను పట్టుకొనుటకు, స్వప్నంలో భవిష్యత్తును తెలిసికొనుటకు విధానాలున్నవి. వశీకరణకు సంబంధించినవి మరీ ఎక్కువ. ఒకే సంపుటిలో గ్రీకుల సూర్యదేవుడు హీలియస్, ఈజిప్టు ఓసిరిస్, హెబ్రీయుల దైవనామానికి గ్రీకు రూపమైన ‘ఇయావో’ వరుసగా నిలిచివుంటాయి. దయ్యాన్ని వెడలగొట్టే ఒక మంత్రంలో హెబ్రీయుల దేవుడని చెప్పి యేసు పేరునే ఆహ్వానించారు. వ్రాసినవాడు క్రైస్తవుడై ఉండనవసరం లేదు. ఆ నామానికి శక్తి కలదని విన్నాడు. అతనికి అంతే చాలు.

తరచుగా కనిపించే మరొక నామం ‘అబ్రసాక్స్’. గ్రీకు అక్షరాలకు అంకెల విలువ ఉంది. ఈ పదంలోని ఏడు అక్షరాల విలువలు 1, 2, 100, 1, 200, 1, 60. కూడితే 365, అనగా సంవత్సరంలోని దినాల సంఖ్య. మన కళాశాల ఉరుదూ విద్యార్థులకు ఇది వింతగా తోచదు. అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3 అని లెక్కించే అబ్జద్ పద్ధతితో ఉరుదూ కవులు పద్యాలలో తారీఖులను పొదిగేవారు.

నా దృష్టిని మిక్కిలి ఆకర్షించినది వేరొక ప్రతి. క్రీ.శ. 3వ శతాబ్ది నాటి ఆ చుట్ట నేడు రెండు ముక్కలుగా లండన్‌లోను, హాలెండులోని లైడెన్‌లోను ఉంది. ఇది ప్రధానంగా డెమోటిక్ అను ఈజిప్టు లిపిలో వ్రాసినది. ఆ లిపి అచ్చులను చూపదు. మంత్రంలో ఉచ్చారణ తప్పరాదు గదా! అందుచేత లేఖకుడు అనేక పదాలపైన చిన్న అక్షరాలతో ఉచ్చారణను తెలిపాడు. అవి గ్రీకు అక్షరాలకు కొన్ని ఈజిప్టు అక్షరాలను చేర్చి కూర్చినవి. కోప్టిక్ లిపి రూపొందినది ఈ మార్గాననే. ఉరుదూ, అరబ్బీ లిపులు రానివారు దుఆలను తెలుగు అక్షరాలలో వ్రాసుకొని చదువుకొనడం మన ఇండ్లలో చూస్తూనే ఉన్నాము. ఆ లేఖకుని శ్రమ మనకు సులభంగా బోధపడుతుంది.

అయితే ఇంతటి కలయికను చూచి, ఆ కాలం పరమత సహనానికి స్వర్ణయుగమని నిర్ణయించడం తొందరపాటు. పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఈజిప్టు నుండి వచ్చిన ఒక మట్టిబొమ్మ ఉంది. మోకాళ్ళపై వంగిన స్త్రీ రూపం; చేతులు వెనుకకు కట్టివున్నవి; దేహంలో 13 సూదులు గ్రుచ్చివున్నవి. దానితోపాటు ఒక కుండలో సీసపు రేకు దొరికింది. టాలెమైస్ అను స్త్రీ తనను చేరేవరకు ఆమెకు అన్నపానాలు దక్కరాదని ఒక పురుషుడు దానిలో వేడుకొన్నాడు. పారిస్ మంత్రసంపుటిలోని వశీకరణ విధానం కూడ 13 సూదులనే చెబుతుంది. ఆ విధానంలో పలు జాతుల దేవతలు ఏకమైనారు, కాని ఒక స్త్రీ ఇచ్ఛను అణచివేయడానికి! దేవతల పేర్లు కలిసినంత మాత్రాన మనుషుల మనసులు కలియవని ఈ బొమ్మ చెబుతున్నది.

మంత్రవిద్య ఇస్లాంలో నిషిద్ధం. బాబిలోనులోని హారూత్, మారూత్‌ల ప్రస్తావన పవిత్ర ఖుర్ఆన్‌లో హెచ్చరికగానే వచ్చింది. అట్టి విషయాన్ని కళాశాల సంచికలో వ్రాయడం ఎందుకని పెద్దలు ప్రశ్నింపవచ్చు. రోగనిదానం నేర్చినవాడు రోగాన్ని కోరినవాడు కాడు. భయపడిన మనిషి, ఆశపడిన మనిషి ఎట్లు ప్రవర్తించాడో ఈ పత్రాలు దాపరికం లేకుండా చూపుతాయి. వానిని నమ్మనవసరం లేదు, పరిహసించనవసరమూ లేదు.

ఇరుగుపొరుగు మతాలనుండి శక్తిగల పేర్లను మాత్రమే తీసికొన్నవారికి ఆ మతాలు అర్థం కాలేదు. రెండు లిపులను ప్రక్కప్రక్కన ఉంచి, ఒక్కొక్క పదాన్ని ఓపికగా గుర్తించిన ఆ అజ్ఞాత లేఖకుని పద్ధతి మాత్రం మనకు అనుసరణీయం. ఉరుదూ, తెలుగు పుటలు ఒకే అట్టల నడుమ ఉన్న ఈ సంచికను చేతబట్టిన విద్యార్థులు తమకు రాని రెండవ లిపిని కూడ నేర్చుకొంటే, అదే నిజమైన సమ్మేళనానికి నాంది కాగలదు.