పోటీ పరీక్షల ప్రత్యేకం: నెల్లూరు బాప్టిస్టు పండితుడు లైమన్ జూయెట్

నర్సింహులపేట నుంచి గ్రూప్స్ రాసే మిత్రులు క్రైస్తవ మిషనరీల పాఠంలో సంవత్సరాల దగ్గర తడబడటం చూస్తుంటాను. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌ను శామ్యూల్ డే 1836లో ప్రారంభించారు. 1840లో నెల్లూరు దాని కేంద్రమైంది. తిరిగి వచ్చిన డేతో కలిసి 1849లో నెల్లూరు చేరినవారే లైమన్ జూయెట్ (1813-1897).

ఏళ్లు గడిచినా చేరినవారు కొద్దిమందే. దాంతో మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో 1853లో చర్చ జరిగింది. దానికి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు అప్పుడే స్థిరపడింది. జూయెట్ మాత్రం వెనక్కి తగ్గలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున భార్యతో, స్థానిక విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక బోధకుడు కావాలని ప్రార్థించారు. ఆ బోధకుడు, జాన్ క్లౌ, 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ పేరు అందరికీ తెలుసు, జూయెట్‌ను మరిచిపోవడం అన్యాయం.

జూయెట్ అసలు కృషి భాషలో ఉంది. తెలుగు కొత్త నిబంధన అనువాదం, సవరణలకు ఆయన ఏళ్ల తరబడి శ్రమించారు. తొలి తెలుగు కొత్త నిబంధన అచ్చయింది మాత్రం 1818లో, సెరాంపూర్‌లో. అది మరో బాప్టిస్టు, విలియం కేరీ కృషి. ఈ రెండు పేర్లూ కలిపేయకండి.

మన ఉమ్మడి వరంగల్ విషయానికొస్తే, అమెరికన్ బాప్టిస్టుల మిషన్ 1879లో హన్మకొండకు వచ్చింది.