ఆఖరి కాపు: సంతోషంగా ఇవ్వడం అంటే ఏమిటి? (2 కొరింథీ 8, 9 అధ్యాయాలు)

ఈ వారం వీడియోలో సమయం చాలక చెప్పలేకపోయిన ఒక సాక్ష్యం ఇక్కడ రాస్తున్నాను.

మాది డొంకూరు, ఇచ్ఛాపురం దగ్గర సముద్రపు ఒడ్డున ఊరు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. జీతం పడిన రోజే దశమభాగం వెళ్ళిపోయేలా ఆటో డెబిట్ పెట్టుకున్నాను. ఒక్క నెలా తప్పలేదు. దాని గురించి లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

పోయిన ఏడాది చిన్నాన్న ఫోన్ చేశారు. వల పాడైపోయింది, రూ.8,000 సర్దగలవా అని అడిగారు. "ఈ నెల కానుక కట్టేశాను చిన్నాన్నా, వచ్చే నెల చూద్దాం" అన్నాను. అకౌంట్‌లో డబ్బులు ఉన్నాయి. కానీ దేవుడికి ఇవ్వాల్సింది ఇచ్చేశాను కదా, ఇంక నన్నెవరూ అడగకూడదు అనిపించింది. "సరే నాయినా" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2018 గుర్తొచ్చింది. అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఇంటికి వచ్చేసరికి మా వీధిలో ఒక పెద్దమ్మ తన పెరట్లో పడిపోయిన చెట్ల నుంచి కాయలు కోసి, బస్తా నింపి, నీళ్ళు లేని ఇళ్ళకి పంచుతోంది. ఆమెకి ఉన్న ఆధారం ఆ చెట్లే. నేను అలాగే చూస్తుంటే నవ్వింది. "ఏటి బాబూ అలా సూస్తన్నావు? ఇదే ఆకరి కాపు. మొదటి కాపు ఆయనకిచ్చాను, ఆకరిది మాత్రం దాసుకుంటానేటి?"

మాసిదోనియ సంఘాలు కూడా ఇలాంటివే. శ్రమల్లో, కటిక పేదరికంలో ఉండి కూడా, యెరూషలేము పరిశుద్ధుల కోసం ఇచ్చే అవకాశం మాకూ కావాలని పౌలుని బతిమాలుకున్నారు. దీని రహస్యం 8:5లో ఉంది. వాళ్ళు డబ్బు కంటే ముందు తమను తామే ప్రభువుకి ఇచ్చుకున్నారు. నేనేమో నన్ను ఇచ్చుకోకుండా తప్పించుకోవడానికి డబ్బు ఇచ్చాను. అందుకే 9:7లో పౌలు చెప్పిన సంతోషం నాలో లేదు. బాధపడుతూ ఇచ్చేది, బలవంతం మీద ఇచ్చేది కాదంటాడాయన.

రెండు మాటలు జాగ్రత్తగా గమనించండి. ఒకటి, 8:12 ప్రకారం దేవుడు మనకి ఉన్నదాన్ని బట్టే చూస్తాడు, లేనిదాన్ని బట్టి కాదు. అప్పు చేసి కానుక వేయమని వాక్యం చెప్పడం లేదు. రెండు, ఇస్తే వంద రెట్లు వస్తుందని లెక్క వేసుకుని ఇస్తే అది చిట్టీ కట్టడం అవుతుంది, అర్పణ అవదు. దేవుడు మనకి సమృద్ధి ఇచ్చేది ఇంకా మంచి పనులు చేయడానికే (9:8).

తెల్లారి డబ్బు పంపాను. అప్పటికే చిన్నాన్న వడ్డీకి తెచ్చేసుకున్నారు. ఆ అప్పు తీర్చేశాం. కానీ అడిగిన వెంటనే ఇచ్చి ఉంటే కలిగే సంతోషం నాకు మళ్ళీ రాదు.

ఆటో డెబిట్ తీసేయలేదు. క్రమంగా తీసి పెట్టడం మంచిదే (1 కొరింథీ 16:2). ఇప్పుడు మాత్రం ఆ రోజు ఉదయం మోకరించి, "ప్రభువా, ముందు నన్ను తీసుకో. ఈ నెల ఎవరి దగ్గరికి పంపుతావు?" అని అడుగుతున్నాను.

ఈ వారం మీరూ అలా అడిగి చూడండి. ఎవరి పేరు గుర్తొస్తుందో, వాళ్ళకి ఆలస్యం చేయకండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.