తూము ముట్టేది ఒక్కడే

డెస్క్‌టాప్ ప్రోగ్రాం రాయబూనిన వారికి ఏదో ఒకనాడు తగిలే చిక్కు ఒకటుంది. నాకది నిండు తరగతిలో తగిలింది. మీకు అట్లా కాకూడదని ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

వర్షపాతం లెక్కల పెద్ద ఫైలును చదివి కూడే ప్రోగ్రాం ఒకటి సీ ప్లస్ ప్లస్ భాషలో, క్యూట్ లైబ్రరీతో రాశాను. మొదట్లో బటన్ నొక్కగానే తెర బిగుసుకుపోయేది. బటన్ నొక్కడం, కిటికీ జరపడం, తెర మళ్లీ గీయడం - ఇవన్నీ ఈవెంట్లు. వాటిని వరుసలోంచి ఒక్కొక్కటిగా తీసి తీర్చేది ప్రధాన థ్రెడ్. కూడిక పని కూడా దాని నెత్తినే పెడితే, అది అయ్యేదాకా తక్కిన ఈవెంట్లన్నీ వరుసలో నిలబడిపోతాయి.

అందుకని కూడికను రెండో థ్రెడ్‌కు అప్పగించి, ఎంత శాతం అయిందో అదే నేరుగా తెర మీద రాసేట్టు పెట్టాను. ఇంట్లో పదిసార్లు బాగానే నడిచింది. తరగతిలో అందరి ముందు కూలిపోయింది. రెండు థ్రెడ్లు ఏ క్షణాన ఒకే వస్తువు మీద చెయ్యి వేస్తాయో ముందుగా చెప్పలేము. అందుకే క్యూట్‌లో తెర వస్తువులను ప్రధాన థ్రెడ్ తప్ప మరొకటి ముట్టరాదన్నది నియమం. ఆ నియమం నేను చదవలేదు.

ఇంటికి వచ్చి చెప్తే బాపు నవ్విండు. "చెరువు తూము నీరటాయన ఒక్కడే ఇప్పుతడు. ఎవలికి వాళ్లు పోయి ఇప్పితే ఎట్లుంటది? నీళ్లు గావాల్నంటే ఆయనకు చెప్పాలె" అన్నడు. మా జుక్కల్ దిక్కు చెరువు కింద సాగు చేసేటోళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కస్టమ్ ఈవెంట్ అంటే నీరటాయనకు చెప్పే ఆ కబురే.

కబురు పంపే పద్ధతి ఇది. ముందుగా దానికొక అంకె కావాలి. క్యూట్‌లో 1000 నుంచి 65535 వరకు అంకెలు మన వాడకానికి వదిలారు. రిజిస్టర్ ఈవెంట్ టైప్ అనే ఫంక్షన్‌ను అడిగితే ఖాళీగా ఉన్న అంకెను ఇస్తుంది. తర్వాత క్యూఈవెంట్ నుంచి మన సొంత క్లాసు ఒకటి చేసుకుని, శాతాన్ని అందులో పెట్టి, పోస్ట్ ఈవెంట్‌తో పంపాలి. అది వరుసలో చేరుతుంది. ప్రధాన థ్రెడ్ తన వంతు వచ్చినప్పుడు తీసి, కస్టమ్ ఈవెంట్ ఫంక్షన్‌లో చదివి, తెరను తానే మారుస్తుంది.

నాలుగు జాగ్రత్తలు. సెండ్ ఈవెంట్ అనే ఫంక్షన్ కూడా ఉంది. అది వరుసలో పెట్టదు, పిలిచిన థ్రెడ్‌లోనే పని చేయిస్తుంది. అంటే మళ్లీ మనమే తూము మీద చెయ్యి వేసినట్టు. రెండవది, పంపే ఈవెంట్‌ను 'న్యూ'తో సృష్టించాలి. పంపిన తర్వాత అది మనది కాదు. దాన్ని చెరిపే బాధ్యత వరుసదే. పంపినాక మళ్లీ ముట్టరాదు. మూడవది, ఫైలులోని వరుస వరుసకూ కబురు పంపితే ప్రధాన థ్రెడ్ ఆ కబుర్లలోనే మునిగిపోతుంది. శాతం మారినప్పుడు మాత్రమే పంపితే నూరు కబుర్లతో పని తీరుతుంది. నాలుగవది, కిటికీ మూసే ముందు రెండో థ్రెడ్‌ను ఆపి, అది ముగిసేదాకా ఆగాలి. లేకుంటే లేని మనిషికి కబురు పంపినట్టే.

ఇది ఒక్క క్యూట్ సంగతే కాదు. విండోస్‌లో పోస్ట్ మెసేజ్, జావా స్వింగ్‌లో ఇన్వోక్ లేటర్, డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్‌లో క్యూ ఈవెంట్ చేసేది ఈ పనే. క్యూట్‌లో సిగ్నల్, స్లాట్ వాడేవారికి కూడా, రెండు థ్రెడ్ల నడుమ లోపల జరిగేది ఇట్లాంటి కబురే.

ప్రోగ్రాంను మళ్లీ రాశాను. తరగతిలో ఇంకోసారి చూపించడానికి అనుమతి అడిగాను. ఈసారి పదిసార్లు నడిచిందని చెప్పను. తెరను ముట్టే చెయ్యి ఒక్కటేనని ప్రోగ్రాం తీసి చూపిస్తాను.